కాన్పులు, చనుబాలు, రొమ్ము క్యాన్సరు

నలుగురు బిడ్డలను కని, నలుగురకును చాలినంత కాలము పాలిచ్చిన తల్లికి రొమ్ము క్యాన్సరు వచ్చినదని వినగానే ఇరుగుపొరుగువారు విస్తుపోవుదురు. పాలిచ్చిన తల్లికి ఆ జబ్బు రాదను నమ్మకము మన పల్లెలలో కలదు. దానికి తోడుగా మరియొక మాటయు వినవచ్చుచున్నది: కాన్పులు ముగిసిన పిదప గర్భసంచి తీయించుకొన్నచో ఇక ఏ క్యాన్సరు భయమును ఉండదని. మొదటి మాటలో కొంత నిజము కలదు. రెండవదానిలో నున్న నిజము మిక్కిలి స్వల్పము, దానివలన జరుగు కీడు మాత్రము అధికము. స్త్రీ ఎప్పుడు పెద్దమనిషి అయినది, ఎప్పుడు తల్లి అయినది, ఎన్ని నెలలు పాలిచ్చినది, ఎప్పుడు ముట్లుడిగినవి అను వానికిని ఈ వ్యాధికిని గల సంబంధమెట్టిదో, ఎంతవరకో శ్రోతలకు వివరింప దలచితిమి.

ఈ సంబంధము నేడు క్రొత్తగా కనుగొన్నది కాదు. 18వ శతాబ్ది ఆరంభమున ఇటలీ దేశపు వైద్యుడు బెర్నార్డినో రామజ్జినీ, వృత్తులను బట్టి వచ్చు వ్యాధులను పరిశీలించుచు, మఠములలోని సన్యాసినులకు రొమ్ము క్యాన్సరు ఎక్కువగా వచ్చుచున్నదని వ్రాసెను. కారణ మతనికి తెలియదు. పెండ్లి, బిడ్డలు లేని జీవితమునకును రొమ్మునకును ఏదో పొత్తు కలదని మాత్రము గ్రహించెను.

అటుపిమ్మట దారి చూపినది పాడి పశువు. 1896లో గ్లాస్గో నగరపు శస్త్రవైద్యుడు జార్జి బీట్సన్ ఒక విశేషమును ప్రకటించెను. కొన్ని దేశములలో రైతులు ఈనిన ఆవునకు అండాశయములను తీసివేయుదురట. అట్లు చేసినచో అది చాలకాలము పాలిచ్చునని వారి అనుభవము. పొదుగెక్కడ, అండాశయమెక్కడ! ఒకదానిని తీసినచో రెండవదాని నడక మారుచున్నదన్నచో అండాశయమునుండి పొదుగునకు ఏదో ఆజ్ఞ పోవుచున్నదని బీట్సన్ తలచెను. శస్త్రచికిత్సకు లొంగని రొమ్ము క్యాన్సరుతో బాధపడు స్త్రీకి అండాశయములను తొలగించి చూడగా గడ్డ కరగినది. అందరకును అట్లు కరగలేదు గాని, ఆ ఆజ్ఞ ఉన్నదన్నమాట రుజువైనది. అప్పటికింకను దానికి పేరు లేదు. హార్మోను అను పదమే 1905లో పుట్టినది. అండాశయమునుండి వెలువడు ఈస్ట్రోజెన్ అను హార్మోనును శాస్త్రజ్ఞులు 1929లో గాని విడదీయలేకపోయిరి. గేదెను మేపు మన ఇండ్లలో చూడి పశువు పొదుగు చేయుట చూడనివారుండరు. ఆ పొదుగును అట్లు సిద్ధము చేయునది ఈ హార్మోనులే.

స్త్రీ రొమ్మును పాలగ్రంథులు, వానినుండి చనుమొనకు పోవు సన్నని నాళములు కలవు. ఆడపిల్ల సమర్తాడు దశలో ఈస్ట్రోజెన్ వలన నాళములు పెరిగి కొమ్మలు వేయును. అది మొదలు ప్రతి నెలయు, గర్భము వచ్చునేమో అన్నట్లు, ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరోన్ అను రెండు హార్మోనులును ఆ కణములను విభజన చెందుటకు ప్రేరేపించును. గర్భము రానిచో ఆ ఏర్పాటంతయు సడలిపోవును. మరుసటి నెల మరల ఆరంభము. కణము రెండుగా చీలునపుడెల్ల దాని లోపలి లిపిని నకలు తీయవలసి యుండును. నకలులో ఎప్పుడో ఒక తప్పు దొరలును. చాల తప్పులను శరీరమే దిద్దుకొనును. దిద్దుబడనివి కొన్ని పోగుపడి క్యాన్సరునకు దారి తీయవచ్చును. కావున హార్మోనులు విషములు కావు. అవి లేనిదే స్త్రీ ఆరోగ్యము లేదు. అవి పనిచేసిన కాలము పెరిగిన కొలది తప్పు దొరలు అవకాశమును పెరుగునని మాత్రమే దీని భావము.

కొల్లేటి అంచున వరి పండించువారికి ముంపు సంగతి మేము చెప్పనక్కరలేదు. బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేరు నిండినపుడు ఉప్పుటేరు ఆ నీటినంతయు వెంటనే సముద్రమునకు చేర్చలేదు. అప్పుడు రైతు చూచునది నీరు ఎంత లోతు నిలిచినదని మాత్రమే కాదు. ఎన్ని దినములు నిలిచినదని, పైరు ఏ దశలో నుండగా నిలిచినదని కూడ చూచును. ఊడ్చిన క్రొత్తలో ఒక నష్టము, పొట్టమీద నున్నపుడు వేరొక నష్టము. హార్మోనుల లెక్కయు ఇట్టిదే. ఎంత మోతాదు, ఎన్ని సంవత్సరములు, రొమ్ము కణజాలము ఏ దశలో నుండగా అను మూడును కలిసి పనిచేయును.

సంవత్సరముల లెక్కను ఉజ్జాయింపుగా వేసి చూతము. 15వ యేట పెద్దమనిషియై, 45వ యేట ముట్లుడిగిన ఒక అవ్వను తీసికొందము. నడుమ 30 ఏండ్లు. అయిదు కాన్పులు, ఒక్కొక్క కాన్పునకు చూలు, చనుబాలు కలిపి రెండేండ్లు నెలసరి లేదనుకొన్నచో 10 ఏండ్లు పోయి 20 మిగులును. ఏడాదికి 13 చొప్పున 260 నెలసరులు. ఆమె మనుమరాలు 12వ యేట పెద్దమనిషియై, 48వ యేట ముట్లుడిగి, ఇద్దరిని కని, ఒక్కొక్కరికి ఆరు నెలలు మాత్రమే పాలిచ్చినదనుకొందము. ఆమెకు సుమారు 435 వచ్చును. ఒకే ఇంటిలో, రెండు తరములలో, ఇంత అంతరము.

మోతాదు, కాలము అట్లుండగా, దశ అనునది మరింత ఆసక్తికరమైనది. మొదటిసారి నిండు నెలలు మోసి కనునంతవరకు రొమ్ములోని కణములు పూర్తిగా పరిణతి చెందవు. మొదటి చూలులో అవి పాలనిచ్చు కణములుగా స్థిరపడును. స్థిరపడిన కణమునకు చెడుదారి పట్టు అవకాశము తగ్గును. కాబట్టి సమర్తకును మొదటి కాన్పునకును నడుమ గల ఎడమెంత అనునది ముఖ్యము. ఇచ్చట ఒక చిత్రము కలదు. కాన్పయిన వెంటనే అపాయము తగ్గదు, కొన్నాళ్లు పెరుగును. కాన్పయిన సుమారు అయిదేండ్లకు ఆ పెరుగుదల ఉచ్చస్థితి నందుకొని, పిదప క్రమముగా తగ్గి, ఇరువదేండ్లు దాటిన తరువాత గాని మేలుగా మారదని 2019లో ప్రకటితమైన ఒక పెద్ద సమీక్ష తెలిపినది. మొదటి కాన్పు 35 దాటిన తరువాత అయినచో ఆ మేలు దాదాపు దక్కదు. చిన్నబిడ్డ ఒడిలో నుండగా రొమ్మున గడ్డ కనబడినచో అది పాలగడ్డయే అయి తీరవలెనని లేదని తల్లులకు తెలియవలసినది ఇందువలననే.

ఈ విషయములను అంకెలతో చూపినవారిలో మొదటి పేరు జానెట్ లేన్-క్లేపన్ అను ఆంగ్ల వైద్యురాలిది. 1926లో ఆమె రొమ్ము క్యాన్సరు గల 500 మంది స్త్రీలను, ఆ వ్యాధి లేని 500 మందిని ప్రక్కప్రక్కన నుంచి వారి జీవితచరిత్రలను పోల్చి చూచినది. వ్యాధి గలవారు ఆలస్యముగా పెండ్లి చేసికొని, తక్కువమంది బిడ్డలను కని, తక్కువకాలము పాలిచ్చినవారని తేలినది. నేడు లోకమంతట వాడుకలోనున్న ఈ పోలిక పద్ధతికి ఆమె పరిశోధన ఒక తొలి నమూనా. అయినను ఆమె పేరు చాలమంది వైద్యులకే తెలియదు. ఇది మాకు కొంత కష్టముగా తోచుచున్నది.

1970లో బ్రయాన్ మెక్‌మాహన్, అతని సహచరులు బోస్టన్, గ్లామోర్గన్, ఏథెన్సు, స్లొవీనియా, సావొ పౌలో, తైపే, టోక్యో అను ఏడు ప్రాంతముల స్త్రీలను పరిశీలించి, మొదటి కాన్పు వయస్సే ప్రధానమని ప్రకటించిరి. 18 నిండకముందు తల్లి అయినవారికి వచ్చు అపాయము, 35 దాటిన పిదప తల్లి అయినవారికి వచ్చుదానిలో మూడవ వంతు మాత్రమే. చనుబాలిచ్చుటవలన మేలేమియు కనబడలేదని కూడ వారు వ్రాసిరి. ఆ రెండవ మాట నిలువలేదు. 30 దేశములలో జరిగిన 47 పరిశోధనలను ఒకచోట కూర్చి 2002లో మరల లెక్కించినపుడు, పాలిచ్చిన ప్రతి 12 నెలలకును అపాయము నూటికి 4.3 పాళ్లు తగ్గుచున్నదని, అదిగాక ప్రతి కాన్పునకును 7 పాళ్లు తగ్గుచున్నదని తేలినది. మునుపటివారికి ఇది ఏల కనబడలేదు? ఒక్కొక్క పరిశోధనలో దీర్ఘకాలము పాలిచ్చినవారు, అందును వ్యాధి వచ్చినవారు, కొలదిమందియే యుందురు. చిన్న తక్కెడలో చిన్న తేడా తెలియదు. 2012లో ఇట్లే కూర్చిన మరియొక లెక్క ప్రకారము, ఒక ఏడాది ముందుగా పెద్దమనిషి అయినచో అపాయము నూటికి 5 పాళ్లు, ఒక ఏడాది ఆలస్యముగా ముట్లుడిగినచో సుమారు 3 పాళ్లు పెరుగును.

ఈ పాళ్లను చూచి బెదరుటయు, మురియుటయు తగదు. మన దేశములో 75 ఏండ్లు వచ్చులోపల సుమారు 30 మంది స్త్రీలలో ఒకరికి ఈ వ్యాధి వచ్చుచున్నది. అనగా వేయిమందికి ఇంచుమించు 33. ఆ వేయిమందియు ఒక్కొక్క ఏడాది అదనముగా పాలిచ్చిరనుకొన్నచో 33 లో ఒకరిద్దరు తగ్గుదురు. దేశమునకు అది వేలకొలది ప్రాణములు. ఒక్క స్త్రీకి మాత్రము అది అభయపత్రము కాదు. పైగా హార్మోనులను గ్రహించు రకపు క్యాన్సరుల యెడనే ఈ చరిత్ర ప్రభావము హెచ్చు. హార్మోను గ్రాహకములు లేని రకములు కలవు. అవి పాశ్చాత్య దేశములలో కంటె మన దేశములో హెచ్చు పాలు కనబడుచున్నవి. వానిపై ఎక్కువ కాన్పుల రక్షణ పనిచేయదు. నలుగురిని కన్న తల్లికి వ్యాధి ఎట్లు వచ్చినదను ప్రశ్నకు సమాధానములో ఇదియొక భాగము. రెండవ భాగము వయస్సు. స్త్రీకి ఏండ్లు మీద పడిన కొలది అపాయము పెరుగును. మూడవది వంశము: నూటికి అయిదు మొదలు పదిమందిలో ఇది తల్లి వైపునుండి గాని, తండ్రి వైపునుండి గాని వచ్చిన జన్యుదోషము. తండ్రి వైపు అనుమాట మన ఇండ్లలో సాధారణముగా మరచిపోవుదురు.

మన ప్రాంతపు మార్పును గూర్చి కొంత చెప్పవలెను. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశములో ఒక్కొక్క స్త్రీకి సగటున 1.7 మంది బిడ్డలు మాత్రమే. పొలము పనులకు, చేపల చెరువులమీదికి, రొయ్యలు శుభ్రపరచు షెడ్లకు దినకూలికి పోవు తల్లి బిడ్డను వెంట నుంచుకొనుట కష్టము. పాలు త్వరగా మాన్పించును. 2017 సవరణ చట్టము ఉద్యోగినులకు 26 వారముల ప్రసూతి సెలవును ఇచ్చినది గాని, అది ఈ కూలి తల్లి దాక రాలేదు. పట్టణములలో పెండ్లియు, కాన్పును ఆలస్యమగుచున్నవి. హైదరాబాదు జిల్లాలో 2012–16 నడుమ నమోదైన లెక్కలలో, వయోభేదములను సవరించిన పిదప, లక్షమంది స్త్రీలకు ఏటా 48 మంది ఈ వ్యాధి పాలగుచుండిరి. దేశములో లెక్కలు తీయు కేంద్రములలో అది అత్యధికముల లోనిది. ఆసియా దేశములనుండి అమెరికాకు వలసపోయిన కుటుంబములలో తరము మారిన కొలది ఈ వ్యాధి ఆ దేశపు స్థాయికి చేరువగుచున్నదని 1990 దశకములోనే గుర్తించిరి. రక్తము మారలేదు, జీవితము మారినది.

అట్లయినచో పిల్లకు పెండ్లి పెందలకడ చేయుట మంచిది కాదా అని అడుగువారుందురు. కాదు. పై సర్వేలోనే, 20–24 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెండ్లియైనట్లున్నది. పసితనపు కాన్పు తల్లికిని బిడ్డకును ప్రాణాపాయము. అదిగాక, చిన్నతనమున కాపురము, పెక్కు కాన్పులు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు అపాయమును పెంచును. ఒక జబ్బునకు అడ్డుగోడ యనుకొన్నది రెండవ జబ్బునకు తలుపగుచున్నది.

ఇక గర్భసంచి సంగతి. 15–49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీసివేయబడినవారు ఆంధ్రప్రదేశములో 2015–16 సర్వేలో నూటికి 8.9 మంది, 2019–21 సర్వేలో 8.7 మంది. రెండు పర్యాయములును దేశములోని రాష్ట్రములన్నింటిలో ఇదియే హెచ్చు. తెల్లబట్టకును, నడుము నొప్పికిని, క్యాన్సరు వచ్చునన్న బెదరింపునకును ఈ ఆపరేషను చేయించుకొన్నవారు పెక్కుమంది కలరు. గర్భసంచి హార్మోనులను పుట్టించు అవయవము కాదు. దానిని మాత్రము తీసినచో రొమ్మునకు చేరు ఈస్ట్రోజెన్ ఆగదు. దానితోపాటు అండాశయములను కూడ తీసినచో రొమ్ము క్యాన్సరు అపాయము తగ్గును, నిజమే. కాని ముప్పది, నలువది ఏండ్ల వయస్సులోనే ముట్లుడిగిన స్త్రీకి ఎముకలు గుల్లబారును, గుండెజబ్బు ముందుగా వచ్చును. బలమైన జన్యుదోషము గల కొద్దిమందికి వైద్యులు ఆలోచించి చేయు చికిత్సను ఊరందరకు చేయుట తగునా? కాన్పులు చాలునని ట్యూబులు కట్టివేయు కుటుంబ నియంత్రణ ఆపరేషను మాత్రము వేరు. అది హార్మోనులను మార్చదు, ఈ వ్యాధి విషయములో దానివలన మేలును కీడును లేవు.

ముట్లుడిగిన పిమ్మట అండాశయములు నిద్రించినను ఈస్ట్రోజెన్ పూర్తిగా ఆగదు. శరీరములోని క్రొవ్వే దానిని కొంత తయారుచేయును. అందుచేత ఆ వయస్సున ఒడలు పెంచుట అపాయమును పెంచుట. ఇది ఎవరికివారు మార్చుకొనగలిగినది, కావున గట్టిగా చెప్పుచున్నాము. ఆ వయస్సు ఆవిరులకు, చిరాకులకు రెండు హార్మోనులు కలిసిన మాత్రలను ఏండ్ల తరబడి వాడుటలోను అపాయము కలదు. అమెరికాలో 16,000 పైచిలుకు స్త్రీలపై జరుగుచున్న పరీక్షను 2002లో నడుమ ఆపివేయవలసి వచ్చినది. మాత్రలు వాడినవారిలో ఏటా 10,000 మందికి 8 మంది అదనముగా ఈ వ్యాధికి గురియైరి. గర్భనిరోధక మాత్రలవలన అపాయము వాడుచున్నంతకాలము కొంచెము పెరిగి, మానిన పదేండ్లలో సమసిపోవును.

మన దేశములో ఈ వ్యాధి పాశ్చాత్య దేశములలో కంటె సుమారు పదేండ్లు ముందుగా కనబడుచున్నది. 2022లో సుమారు 1,92,000 మంది స్త్రీలకు క్రొత్తగా వచ్చినదని అంచనా. అయినను రొమ్ము పరీక్ష చేయించుకొన్నవారు 30–49 ఏండ్లవారిలో నూటికి ఒకరు కూడ లేరని సర్వే చెప్పుచున్నది. గడ్డ నొప్పి పుట్టదు. నొప్పి లేనిది జబ్బు కాదనుకొని కోతలు కానిమ్మని, చెరువు పట్టుబడి కానిమ్మని వాయిదా వేయుదురు. ముంబయి టాటా స్మారక వైద్యశాల వారు సుమారు 1,50,000 మంది స్త్రీలతో ఇరువదేండ్లు నడిపిన పరీక్షా ఫలితములను 2021లో ప్రకటించిరి. యంత్రములు లేవు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేండ్లకొకసారి చేతితో పరీక్షించిరి, అంతే. 50 దాటిన స్త్రీలలో ఈ వ్యాధివలని మరణములు నూటికి దాదాపు 30 తగ్గినవి. 50 లోపువారిలో అంత మేలు కనబడలేదు. కొల్లేటి లంకలకు ఇట్టి పరీక్ష అందని వస్తువు కాదు; ఆశా కార్యకర్తయు, ఏఎన్ఎం ను నడచిపోవు చోటికి అదియు పోగలదు.

గట్టి గడ్డ, చర్మము సొట్టపడుట, చనుమొన లోనికి పోవుట, దానినుండి నెత్తురు, చంకలో బిళ్ల: వీనిలో ఏది కనబడినను ఏలూరు పెద్దాసుపత్రికి గాని, దగ్గరి శస్త్రవైద్యుని వద్దకు గాని పోవలెను. 2007లో ఆరోగ్యశ్రీగా ఆరంభమై నేడు ఎన్టీఆర్ వైద్య సేవ యను పేర నడచుచున్న పథకము క్రింద క్యాన్సరు చికిత్స కలదు. చికిత్సలో హార్మోనులను అడ్డు మందులు బీట్సన్ ఊహకు వారసులు. క్యాన్సరు మందులలో మెథోట్రెక్సేట్ అనునది భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో నడిపిన పరిశోధనల ఫలము. ఇది చాలకాలము రొమ్ము క్యాన్సరు చికిత్సలో వాడబడినది.

పరీక్షించు వైద్యుడు కొన్ని ప్రశ్నలు వేయును. ఏ యేట పెద్దమనిషి అయితిరి? మొదటి కాన్పు ఏ వయస్సున? ఒక్కొక్క బిడ్డకు ఎన్ని నెలలు పాలిచ్చితిరి? ముట్లెప్పుడుడిగినవి? గర్భసంచి తీసినచో అండాశయములను కూడ తీసిరా? తల్లికి, అక్కచెల్లెండ్రకు, మేనత్తకు ఈ జబ్బు కలదా? పెద్దవారికి సంవత్సరములు గుర్తుండవు. వారు ఉప్పెనలతో, వరదలతో లెక్క పెట్టుదురు. 1977 ఉప్పెననాటికి రెండవవాడు చంకలో నున్నాడనియు, 1986 గోదావరి వరదకు చిన్నది కడుపులో నున్నదనియు చెప్పినను వైద్యునికి చాలును. ఆపరేషను కాగితములున్నచో తీసికొనిపోవలెను; లేనిచో కూతురో కోడలో ముందురోజు రాత్రి అత్తగారి ప్రక్కన కూర్చుండి ఈ సమాధానములను ఒక కాగితముమీద వ్రాసి పెట్టవచ్చును.